లావు పుస్తకాలే చదువు, బిడ్డా

చందూర్

చిరంజీవి చిట్టికి, మీ పెద్దనాయిన దీవించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగనే ఉన్నం. యాసంగి నాట్లు అయిపోయినయి, కాల్వకు నీళ్లు మంచిగనే వస్తున్నయి. మీ పెద్దమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలెక్కనే ఉన్నది, గానీ నీ సంగతి వస్తే మాత్రం లేచి నిలబడి మాట్లాడుతది. నువ్వు వేళకు తింటున్నవనీ, రాత్రిపూట కండ్లు గుంజేదాకా కూసుంటలేవనీ అనుకుంటున్న.

నీ మెసేజ్ చూసిన. సమాజం, చదువు, రాజకీయం, సంస్కృతి, ఈ నాలుగింటి మీద చదవాల్సిన పుస్తకాలు చెప్పు పెద్దనాయినా అని అడిగినవు. కడుపు నిండింది బిడ్డా. మన ఇంట్ల ఆ మాట అడిగేటోళ్లు తక్కువైపోయిండ్రు. అయితే చివర ఇంకో ముక్క రాసినవు: ఒక్కోదానికి ఒక్కటి చాలు, చిన్నయి చెప్పు, లావు పుస్తకాలకు టైం లేదు అని. నేను అక్కడనే ఆగిపోయిన. ఎందుకంటే అంతకుముందే మీ అమ్మ నాకొక సంగతి చెప్పింది. దసరాకు నేను నీకిచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' హాస్టల్ల నీ మంచం కింద పెట్టెల ఉన్నదట. దాని మీద ఎవరో తయారుచేసిన బిట్లు మాత్రం గోడకు అతికించుకున్నవట. ఆ రాత్రి నాకు నిద్ర సక్కగ పట్టలేదు. నీ మీద కోపంతోని కాదు, భయంతోని.

నీ పరీక్ష సంగతి నాకు ఎరుకనే. గ్రూప్-2ల నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, అన్నీ కలిపి 600. రెండో పేపర్ల చరిత్ర, రాజ్యాంగం, సమాజం. నాలుగో పేపర్ల మన తెలంగాణ ఉద్యమం. అశోక్‌నగర్ గల్లీల్ల, చిక్కడపల్లి లైబ్రరీల మన జిల్లా పిల్లలు ఎట్ల కష్టపడుతున్నరో నేను కండ్లార చూసిన. తల్లిదండ్రులు పంపిన పైసలకు లెక్క చెప్పుకోవాలని ఒక్కపూట తిని చదివేటోళ్లు కూడ ఉన్నరు. వాళ్లను గానీ నిన్ను గానీ తప్పుపట్టేందుకు నాకు నోరు రాదు. బిట్లు చదవొద్దని నేను చెప్త లేను. బిట్లే చదువు అనుకోవద్దు అంటున్న.

చూడు, ఆ పుస్తకం 1949ల వచ్చిందనీ, 1955ల తెలుగుకు వచ్చిన మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చిందనీ నిన్ను నిద్రల లేపి అడిగినా చెప్తవు. మరి కాకతీయుల కాలంల ఓరుగల్లు వీధుల్ల కోడిపందెం చూసేందుకు ఎవరెవరు గుమిగూడేటోళ్లు? పేదింట్ల ఏం వండుకునేటోళ్లు? ఆడోళ్లు ఏం నగలు పెట్టుకునేటోళ్లు? పిల్లలు ఏ ఆటలు ఆడేటోళ్లు? ఇవి అడిగితే ఏం చెప్తవు? ఆ పుస్తకం ఉన్నదే వీటి కోసం. ఏ రాజు ఏ రాజును గెలిచిండో చెప్పే చరిత్రలు మస్తుగ ఉన్నయి. ఆయన జనం చరిత్ర కావాలనుకున్నడు. శాసనాలతోనే సరిపెట్టుకోలేదు. పాల్కురికి సోమనాథుని దగ్గరి నుంచి క్రీడాభిరామం, శ్రీనాథుడు, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి దాకా ముందర పెట్టుకొని కూసున్నడు. పద్యంల ఒక పిండివంట పేరో, ఒక ఆట పేరో, ఒక బట్ట పేరో తగిలితే అక్కడ ఆగి అదేందో తేల్చుకునేదాకా ముందుకు పోలేదు. నిఘంటువు చేతులెత్తేసిన కాడ ఊరోళ్లను అడిగిండు. గద్వాల దిక్కు పల్లెల పుట్టి, హైదరాబాద్‌ల 'గోలకొండ పత్రిక' నడిపి, తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే 1934ల 354 మంది కవులతోని 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి చూపెట్టిన మనిషి. అంత మనిషి ఏండ్లకేండ్లు ఏరి తెచ్చి పెట్టింది మనం నాలుగు ఆప్షన్ల కింద తొక్కేస్తే ఎట్ల బిడ్డా?

అందుకే చెప్తున్న, ఆ పెట్టె బయటికి తియ్యి. ముందుమాట నుంచి మొదలుపెట్టు. ముందుమాట ఎవరూ చదవరు, పరీక్షల రాదని. నేను మాత్రం ముందుమాట చదవకుండ పుస్తకం తెరిచినోన్ని పుస్తకం చదివినోడు అనను. రాసినాయన ఎందుకు రాసిండు, ఏం దొరకక కష్టపడ్డడు, ఎవరి మీద కోపంతోని రాసిండు, ఇదంత అక్కడనే ఉంటది. తర్వాత నడుమ ఎక్కడా దాటకుండ చివరి పేజీ దాక పో. అర్థం కాని పద్యం వస్తే వదిలేసి ముందుకు పో, తప్పు లేదు. అధ్యాయం మాత్రం వదలకు. ఫోన్ల సారాంశం వస్తదని నాకు చెప్పకు. నీ తమ్ముడు చూపెట్టిండు, ఏ పుస్తకానికైనా పది లైన్లల సారాంశం క్షణంల వస్తదట. ఆ పది లైన్లల ఎవరి మాట ఉన్నది? రాసినాయన మాట లేదు, నీ మాట లేదు. లావు పుస్తకంల మనం కాసేపు తప్పిపోతం, విసుగొస్తది, ఒక పేజీ కాడ కోపమొస్తది, ఇంకో పేజీ కాడ మన ఇంటి మనిషి ఎదురొస్తది. ఆటల సంగతి వచ్చే కాడికి పోయినప్పుడు నీకు మీ నాయనమ్మ యాదికి రాకపోతే నన్నడుగు. అరుగు మీద ఆమె ఎదురుంగ కూసోని అచ్చనగిల్లలు ఎగరేసిన పిల్లవు నువ్వు.

మా అమ్మ మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్త. నాకు చదువుడంటే ఏందో నేర్పింది బడి కాదు, బీడీలు చుట్టే ఆడోళ్లు. అప్పుడు నేను ఏడో ఎనిమిదో చదువుతున్న. పొద్దుగూకినంక మన పాత ఇంటి అరుగు మీద మా అమ్మ, పక్కింటి ఆమె, వెనక గల్లీ నుంచి ఇంకిద్దరు ముగ్గురు చాటలు ఒళ్లె పెట్టుకొని కూసునేటోళ్లు. నీళ్లు చల్లిన తునికాకు వాసన, జర్దా ఘాటు. రేకు కొలతకు ఆకు కత్తిరించి, చిటికెడు జర్దా పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టేదాకా వాళ్ల వేళ్లు ఆగకపోయేది. తెల్లారి కార్ఖానాల లెక్క అప్పజెప్పాలె గదా. చేతులకు పని ఉన్నది, చెవులు ఖాళీగ ఉన్నయి. మా సారు ఒకాయన ఇచ్చిన పుస్తకాలు నేను కందిలి ముందర పెట్టుకొని గట్టిగ చదివేటోన్ని. 'మాలపల్లి' చదివిన. వట్టికోట ఆళ్వారుస్వామి గారి 'ప్రజల మనిషి' చదివిన.

'ప్రజల మనిషి' చదువుతున్నప్పుడు ఒక రాత్రి వెనక గల్లీ అవ్వ చాట పక్కకు పెట్టింది. అట్ల ఆమె చెయ్యి ఆగుడు నేను ఎన్నడూ చూడలేదు. "ఆగు కొడుకా, నువ్వియ్యాల చదివిన దాంట్ల వెట్టికి పోయినోళ్ల సంగతి చెప్పిండు. మరి వాళ్లు పోయినంక ఇంట్ల పిల్లలకు ఎవరు పాలిచ్చిండ్రో చెప్పిండా?" అని అడిగింది. నేను ముందు పేజీలు తిప్పి చూసిన. ఆమె నవ్వి, తను పెండ్లయి వచ్చిన కొత్తల దొర ఇంటికి వడ్లు దంచేందుకు పోయిన సంగతి చెప్పుడు మొదలుపెట్టింది. పసిపిల్లను చెట్టుకు కట్టిన ఉయ్యాలల వేసి పోయేదట, ఏడుపు వినిపిస్తున్నా రోకలి ఆపకపోయేదట. ఆ రాత్రి పుస్తకం అక్కడనే ఆగింది. మిగతాదంత ఆమెనే చెప్పింది. మా అమ్మ నడుమల నడుమల కలిపింది. నాకు అప్పటిదాకా పుస్తకమంటే తలవంచి వినేది అని ఉండె. పుస్తకంతోని మాట్లాడొచ్చు, దానికి ఎదురు అడగొచ్చు, అది వదిలేసింది మనం చెప్పొచ్చు అని చదువురాని ఆ అవ్వ దగ్గర తెలిసింది.

చాలా ఏండ్ల తర్వాత ఎక్కడనో చదివిన. క్యూబా దేశంల చుట్టలు చుట్టే కార్ఖానాల్ల 1865 నుంచి ఒక పద్ధతి ఉన్నదట. కూలీలు వరుసగ కూసోని చుట్టలు చుడుతుంటే ఒకాయన ఎత్తు బల్ల మీద కూసోని పత్రికలు, నవలలు గట్టిగ చదువుతడు. ఆయనకు జీతం కూలీలే తలా ఇంత వేసుకొని ఇచ్చేటోళ్లట. వాళ్లు ఇష్టపడి విన్న నవల పేరే 'మాంటెక్రిస్టో' అని ఒక చుట్టకు పడ్డది, ఇప్పటికీ ఆ పేరుతోనే అమ్ముతరు. ఆ సంగతి మీ పెద్దమ్మకు చెప్తే ఆమె కండ్లు పెద్దగ చేసి, "మన అరుగు సంగతి వాళ్లకు ఎట్ల తెలిసిందయ్యా" అన్నది.

ఇప్పుడు నీ నాలుగింటి కాడికి వస్త.

సమాజం అన్నవు. ముందుగాల ఇంగ్లిష్‌ల ఉన్న ఒక పుస్తకం చెప్త, నీకు ఇంగ్లిష్ కష్టం కాదు గదా. శ్యామ చరణ్ దూబే అని ఉస్మానియాల పనిచేసిన పండితుడు 1951-52ల ఒక జట్టును తీసుకొని హైదరాబాద్ పక్కన ఉన్న శామీర్‌పేటకు పోయి, ఆ ఊరిని ఇంటింటికీ తెలుసుకొని 'ఇండియన్ విలేజ్' అని 1955ల అచ్చేసిండు. మన దేశంల ఒక్క ఊరిని పట్టుకొని అంత నిండుగ రాసిన తొలి పుస్తకాల్ల అదొకటి. ఢిల్లీ ఊరు కాదు, బెంగాల్ ఊరు కాదు, మన తెలంగాణ ఊరు. పుస్తకం చదివి ఒక ఆదివారం సికింద్రాబాద్‌ల బస్సెక్కి శామీర్‌పేటల దిగు. చెరువు కట్ట మీద నిలబడి చూడు. ఆయన చూసిన ఊరుకీ, ఇప్పుడు ఫార్మ్‌హౌస్‌లు, అపార్ట్‌మెంట్లు లేచిన ఊరుకీ మధ్య ఏం జరిగిందో నువ్వే రాసుకో. అటు పోయినట్టు ఉంటది, నీ కండ్లకు కొంచెం పచ్చదనం తగిలినట్టు ఉంటది.

రెండోది ఎం.ఎన్. శ్రీనివాస్ గారి 'ద రిమెంబర్డ్ విలేజ్'. మైసూరు దిక్కు రాంపుర అనే ఊర్ల 1948ల ఉండి అన్నీ రాసుకున్నడు. ఏండ్లకేండ్లు వాటిని సవరించి పెట్టుకున్నడు. 1970ల అమెరికాల స్టాన్‌ఫర్డ్‌ల ఆయన కూసున్న భవనానికి ఎవరో నిప్పు పెడితే ఆ నోట్సు కాలిపోయింది. ఆయన ఏం చేసిండు? యాదికున్న దాంతోనే కూసోని రాసిండు, 1976ల పుస్తకం వచ్చింది. ఆ ఊరి పెద్దమనుషులు, వాళ్ల పంతాలు, పంచాయితీలు అన్నీ నీ ముందర నిలబడుతయి. ఆధిపత్య కులం అనే మాట నీ బిట్లల ఉంటది, ఎవరు చెప్పిండ్రు అంటే శ్రీనివాస్ అని టిక్ పెడ్తవు. టిక్ పెట్టినంక మన ఊరి దిక్కు ఒకసారి చూడు బిడ్డా. 1931ల మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి కాల్వ రాకముందు మన దిక్కు భూములు ఎవరివి? కాల్వ వచ్చినంక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నంక ఊర్ల పెద్దరికం ఎటు మళ్లింది? 1937ల బోధన్ షక్కర్‌నగర్ల చక్కెర ఫ్యాక్టరీ పెట్టినంక ఎవరింట్ల నెల జీతం మొదలైంది, తండాల నుంచి ఎవరు చెరుకు కొట్టే పనికి వచ్చిండ్రు, 2002ల అది ప్రైవేటు చేతికి పోయి 2015 డిసెంబర్ల మూతపడ్డంక ఎవరింట్ల పొయ్యి మీద ఏం మారింది? ఇదంత నీకు ఎక్కడా బిట్లుగ దొరకదు. మీ బాపును అడుగు, పక్కనున్న క్యాంపుల ముసలాయన్ను అడుగు, తండాల మీ అమ్మ దోస్తును అడుగు. ముగ్గురూ మూడు తీర్ల చెప్తరు. మూడూ రాసుకో.

చదువు సంగతికి నా దగ్గర పుస్తకాలకంటే ముందు ఒక పిల్లగాడు యాదికొస్తడు. నేను చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర గుమాస్తాగ ఉన్నప్పుడు చెరుకు సీజన్ల బండ్లు రాత్రంత బారులు కట్టేటివి. చెరుకు కొట్టినంక ఎండుతున్నకొద్దీ తూకం పడిపోతది గనుక రైతుకు ఒక్కో గంట ఒక్కో గండం. మరాట్వాడ నుంచి వచ్చిన చెరుకు కొట్టేటోళ్ల పిల్లగాడు ఒకడు, పదేండ్లు కూడ ఉండయి, బండి పక్కన నిలబడి చెరుకుతోని ఉన్న తూకంల నుంచి ఖాళీ బండి తూకం తీసేసి నేను కాయితం మీద వేసేలోపే నోటితోని చెప్పేటోడు. ఒక్కసారి కూడ తప్పు పోయేది కాదు. బడికి పోతవా అంటే తల అడ్డంగ ఊపేటోడు. సీజన్ ఇక్కడ, సీజన్ అయినంక ఇంకెక్కడనో, వాని పేరు ఏ బడి రిజిస్టర్ల నిలుస్తది? ఇటలీల బార్బియానా అనే కొండ ఊరి పిల్లలు, పరీక్షల ఫెయిల్ చేసి ఇంటికి పంపితే, 1967ల వాళ్ల పంతులమ్మకు ఒక ఉత్తరం రాసి అచ్చేసిండ్రు. డాన్ మిలానీ అనే ఫాదర్ వాళ్లకు చదువు చెప్పేటోడు. ఎవరి పిల్లలు ఫెయిల్ అయితున్నరో, ఎవరి పిల్లలు పాస్ అయితున్నరో లెక్కలు తీసి మరీ నిలదీసిండ్రు ఆ పిల్లలు. అది చదివినప్పుడు నాకు కాంటా పక్కన నిలబడ్డ ఆ పిల్లగాడే కనిపించిండు. నువ్వు తప్పకుండ చదువు. గిజుభాయి రాసిన 'పగటికల', జపాన్ చిన్నపిల్ల తొత్తోచాన్ బడి సంగతి చెప్పే 'రైలుబడి', ఈ రెండూ తెలుగుల ఉన్నయి, చిన్నయే. నువ్వడిగిన చిన్న పుస్తకాలు ఇవి. కొడవటిగంటి కుటుంబరావు గారి 'చదువు' నవల మాత్రం నిదానంగ చదవాలె. చదువు కోసం ఒక ఇల్లు ఎట్ల తల్లకిందులైతదో అంత సక్కగ ఇంకెవరూ చెప్పలేదు. మన పక్క ఆదిలాబాద్ల మార్లవాయిల 1943ల హైమెండార్ఫ్ అనే మానవశాస్త్ర పండితుడు గోండు పంతుళ్లను తయారుచేసే బడి పెట్టించి, పిల్లలకు గోండీలనే వాచకాలు రాయించిండని కూడ యాదిపెట్టుకో. ఆయన రాసిన గోండుల పుస్తకాలు లైబ్రరీల అడిగితే దొరుకుతయి.

రాజకీయం. ఇక్కడ ఒకటి చెప్తే సరిపోదు, మూడు కలిపి చదవాలె. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య గారిదొకటి, రావి నారాయణరెడ్డి గారి అనుభవాలొకటి. ఇద్దరూ ఆ పోరాటంల ముందుండి నడిచినోళ్లే. 1948ల భారత సైన్యం వచ్చినంక పోరాటం ఆపాల్నా, నడపాల్నా అనే కాడ ఇద్దరి దారులు వేరైనయి. రావి నారాయణరెడ్డి గారు 1952ల నల్లగొండల నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని గెలిచిండనే బిట్టు నీకొచ్చు. ఆ గెలుపు వెనక ఎంత తగువు ఉన్నదో ఈ రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితేనే తెలుస్తది. మూడోది 'మనకు తెలియని మన చరిత్ర'. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఆ పోరాటంల ఉన్న ఆడోళ్లతోని మాట్లాడి 1986ల తెచ్చిండ్రు. చాకలి ఐలమ్మ ఉన్నది, మల్లు స్వరాజ్యం ఉన్నది. తుపాకీ పట్టినోళ్లు, గుట్టల్ల పిల్లల్ని కన్నోళ్లు, పోరాటం అయిపోయినంక ఇంక ఇంటికి పోండ్రి అనిపించుకున్నోళ్లు. వెనక గల్లీ అవ్వ నన్ను అడిగిన మాటకు జవాబు నాకు ఆ పుస్తకంల దొరికింది. నిన్ను ఒక్కటే పుస్తకం చదువు అనే కాలం వస్తే నేను అదే నీ చేతిల పెడ్త.

అంబేద్కర్ గారి 'కుల నిర్మూలన' చదివినవా? 1936ల లాహోర్ల జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు అధ్యక్షోపన్యాసానికి పిలిచి, రాసిన ఉపన్యాసం చూసి జంకి సభనే రద్దు చేసుకుంటే, ఆయన దాన్ని సొంతంగ అచ్చేయించిండు. చిన్న పుస్తకమే, ఒక్క పొద్దుల అయిపోతది అనుకుంటవు. కాదు. ఒక్కో పేర కాడ లేచి నడవాల్సి వస్తది.

సంస్కృతికి సామల సదాశివ గారి 'యాది'. ఆదిలాబాద్ మనిషి. ఉర్దూ, ఫార్సీ, తెలుగు, హిందుస్తానీ సంగీతం, అన్నీ ఆయన ఇంట్ల కలిసి తిరిగినయి. మన బోధన్ గల్లీల్ల పెరిగిన నీకు అది పరాయి లోకం అనిపించదు. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద చేసిన పరిశోధన కూడ చూడు. బతుకమ్మ పాటలు పుస్తకంలకెక్కకముందు మీ నాయనమ్మ నోట్లనే ఉండె గదా, ఆయన అట్లాంటి నోళ్ల దగ్గరికి పోయిండు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది చెప్త. నువ్వు అప్పుడప్పుడు అంటవు, ఇవన్ని చదివి ఏమొస్తది పెద్దనాయినా, ముందుగాల ఉద్యోగం రానీ అని. రావాలె బిడ్డా, తప్పకుండ వస్తది. రేపు నువ్వు ఏ ఆఫీసుల్నో కూసుంటవు. బీడీలు చుట్టి నడుము వంగిన ఆమె పింఛన్ కాయితం పట్టుకొని నీ బల్ల ముందర నిలబడుతది. తండా నుంచి వచ్చినామె భూమి పట్టా సంగతి అడుగుతది, ఆమె మాట నీకు సక్కగ తెలియదు. మాకు అర్థం కాదు, మళ్ల రా అని నువ్వు అంటవా? బిట్లతోని కుర్చీ వస్తది. ఆ కుర్చీ ముందర నిలబడ్డ మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్ని తరాల నుంచి నిలబడ్డదో అర్థం చేసుకునే మనసు ఎక్కడి నుంచి రావాలె? నేను భయపడ్డది దీనికే. నా బిడ్డ అట్లాంటి ఆఫీసర్ కావద్దు.

పుస్తకాలు అంత సులువుగ మనదాక రాలేదు. నిజాం కాలంల తెలుగు పుస్తకం దొరుకుడే కష్టం. 1901ల హైదరాబాద్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినోళ్ల నుంచి మొదలుపెడితే, ఊరూరా లైబ్రరీ పెట్టాలని తిరిగినోళ్లు ఎంత మందో. 1937ల మన నిజామాబాద్‌లనే ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది. మందుముల నర్సింగరావు గారు అధ్యక్షులు. ఆయన '50 సంవత్సరాల హైదరాబాదు' దొరికితే వదలకు. మరుసటేడు వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. చిన్నప్పుడు ఒకరింట్ల వంట చేస్తూ చదువు నేర్చుకున్న మనిషి. తను అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకొని ఊర్ల పొంట తిరిగి అమ్మిండు. ఆయనను, దాశరథిని రజాకార్ల రోజుల్ల మన నిజామాబాద్ ఖిల్లా జైల్లనే పెట్టిండ్రు. పండ్లు తోముకునేందుకు ఇచ్చిన బొగ్గుతోని దాశరథి గోడ మీద పద్యాలు రాస్తే జైలోళ్లు తుడిచేసి కొట్టిండ్రని చెప్తరు. చిన్నప్పుడు నువ్వు ఖిల్లా రఘునాథుని గుడికి పోయి మెట్ల మీద పరుగెత్తినవు, ఆ పక్కనే. దాశరథి తర్వాత తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చిండు. నువ్వు చదువుతున్న నాలుగో పేపర్ వెనక ఇట్లాంటి మనుషులు ఉన్నరు.

పైసలు తక్కువైతే చెప్పు, సిగ్గుపడకు. పాత పుస్తకాలకు ఆదివారం కోఠి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరుగు, ఒక్కదానివే కాదు, దోస్తుతోని పో. పీడీఎఫ్ చదివి కండ్లు పాడుచేసుకోకు. నీకు మొన్న తలనొప్పి వచ్చిందని మీ అమ్మ చెప్పింది, కండ్ల డాక్టర్‌కు చూపెట్టుకున్నవా లేదా? పెన్సిల్ పట్టుకొని చదువు. నచ్చని కాడ పక్కన రాయి, నీ పుస్తకమే గదా. సురవరం గారితోని కూడ పేచీ పెట్టుకో. ఆయన కవుల కావ్యాల నుంచి సంఘాన్ని చూసిండు గనుక కవి చూపు పోని ఇండ్లు దాంట్ల తక్కువ. మా అమ్మ, వెనక గల్లీ అవ్వ లాంటోళ్ల ఇండ్లు ఎక్కడున్నయని అడుగు. అది అడిగేందుకే ముందుగాల మొత్తం చదవాలె.

వారానికి ఒక్క అధ్యాయం చాలు. బిట్లు పొద్దున చదువు, ఇది రాత్రి పండుకునే ముందు చదువు. చదివినంక నాకు ఒక్క ముక్క రాసి పంపు, మెసేజ్ అయినా సరే. ఏం నేర్చుకున్నవో రాయకు, దేని మీద కోపమొచ్చిందో రాయి.

ఎల్లుండి బోధన్ నుంచి ఆర్టీసీ కార్గోల ఒక డబ్బా పంపుతున్న. దాంట్ల 'మనకు తెలియని మన చరిత్ర', 'పగటికల', 'చదువు' ఉన్నయి. 'చదువు' నాది కాదు, లైబ్రరీది. ఉగాదికి వచ్చేటప్పుడు తప్పకుండ తేవాలె, నేను మాట ఇచ్చిన. అట్టలకు కవర్ వేసిన, చింపకు. మీ పెద్దమ్మ కొత్త బెల్లం, నువ్వుల లడ్డూలు, మామిడికాయ తొక్కు పెట్టింది. తొక్కు సీసా మూత కొంచెం వదులుగ ఉన్నది, డబ్బా నిలువుగనే పట్టుకో, పుస్తకాల మీద నూనె పడితే నాకు పానం ఉసూరుమంటది. హాస్టల్ పిల్లలందరికి పెట్టి తిను. పార్సిల్ అందంగనే ఫోన్ చెయ్యి, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, మేల్కొనే ఉంట.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయిన